దిద్దకుండా వదిలేయడం: మా అబ్బాయి ఓసీడీ చికిత్సలో నా అనుభవం

మా అబ్బాయికి జబ్బు ఉందని దాదాపు ఏడాదిపాటు ఎవరూ చెప్పలేదు. పైగా మెచ్చుకున్నారు. ఏడో తరగతిలో వాడి నోట్సు పుస్తకాలను టీచర్లు పక్క సెక్షన్లకు తీసుకెళ్లి చూపించేవారు. గుండ్రటి అక్షరాలు, ఎక్కడా ఒక్క కొట్టివేత ఉండదు. ఆ కొట్టివేత లేకుండా ఉండటానికి ఇంట్లో ఏం జరుగుతోందో బడికి తెలియదు. ఒక వత్తు కాస్త పక్కకు జరిగినా పేజీ చించేసి మొదటి నుంచి రాసేవాడు. చించిన కొద్దీ పుస్తకం కుట్టు వదులవుతుంది కాబట్టి మళ్లీ కొత్త పుస్తకం, మళ్లీ మొదటి పాఠం. రాత్రి ఒంటిగంటకు కూడా గదిలో లైటు వెలుగుతూ ఉండేది. మన దగ్గర ఆ వయసు పిల్లలు ఐఐటీ ఫౌండేషన్ పేరుతో పొద్దుపోయేదాకా చదవడం మామూలే కదా, ఆ లైటు చూసి చుట్టాలు కూడా ‘ఎంత శ్రద్ధో’ అనేవారు.

తర్వాత ప్రశ్నలు మొదలయ్యాయి. “నాన్నా, ఇందులో తప్పేమీ లేదు కదా?” లేదంటే సరిపోదు. “సరిగ్గా చూశావా?” చూశానురా. “ఇంకొకసారి చూడు.” వాళ్ల అమ్మను మాత్రం వేరే ప్రశ్న అడిగేవాడు: “అమ్మా, నీకేమీ కాదు కదా?” ఆమె వంట చేస్తున్నా, ఫోనులో మాట్లాడుతున్నా జవాబు వచ్చేదాకా పక్కనుంచి కదిలేవాడు కాదు. ఈ రెండు ప్రశ్నలూ ఒకటేనని మాకు డాక్టరు గారి గదిలో తెలిసింది. పేజీలో తప్పు మిగిలిపోతే అమ్మ చనిపోతుందన్న ఆలోచన వస్తుందట. అది నిజం కాదని తనకూ తెలుసట. అయినా దిద్దేదాకా గుండెదడ ఆగదట. ఇదంతా మా వాడు తల వంచుకుని, చాలా తార్కికంగా, లెక్క చెప్పినట్లు చెప్పాడు.

అక్కడిదాకా వెళ్లేలోపు జరిగినవి మామూలుగా అందరిళ్లలోనూ జరిగేవే: రక్తపరీక్షలు, విటమిన్ మాత్రలు, మా అమ్మ కట్టించిన తాయెత్తు, ‘హాస్టల్లో పడేస్తే దారికొస్తాడు’ అన్న బంధువు. చివరికి పిల్లల డాక్టరు గారే మానసిక వైద్యుడికి చీటీ రాసిచ్చారు. “పిచ్చి డాక్టరు దగ్గరికా?” అని మా అమ్మ రెండు రోజులు నాతో మాట్లాడలేదు. నేను వ్యవసాయ పరిశోధన కేంద్రంలో గణాంకాలు చూసే ఉద్యోగిని. కాగితం మీద అంకె చూస్తే గాని ఏదీ నమ్మని మనిషిని. ఆ గుణం ఈ వ్యవహారంలో కొంత పనికొచ్చింది, కొంత అడ్డుపడింది.

మొదటిసారి డాక్టరు గారు మమ్మల్ని చాలాసేపు కూర్చోబెట్టారు. వాడితో విడిగా, మాతో విడిగా మాట్లాడారు. గొంతునొప్పి, జ్వరం లాంటివి వచ్చిన వెంటనే ఇది ఒక్కసారిగా మొదలైందా అని అడిగారు. కళ్లు ఆర్పడం, భుజం ఎగరేయడం లాంటి అలవాట్లున్నాయా, వంశంలో ఎవరికైనా ఇలాంటిది ఉందా అని అడిగారు. మా మేనమామ ఒకాయన రాత్రిళ్లు తలుపు గడియ పదేపదే తడిమి చూసుకునేవాడు. ఊళ్లో దాన్ని చాదస్తం అనుకునేవారు. అది చెప్పాను, రాసుకున్నారు. ఆ తర్వాత పిల్లల కోసం తయారుచేసిన యేల్-బ్రౌన్ స్కేలు తీశారు. అందులో 10 ప్రశ్నలుంటాయి: 5 వచ్చే ఆలోచనల గురించి, 5 చేసే పనుల గురించి. రోజులో ఎంతసేపు పోతోంది, మిగతా పనులకు ఎంత అడ్డు, ఎంత బాధ, ఎంతవరకు ఎదిరించగలుగుతున్నాడు, ఎంతవరకు అదుపు ఉంది. ఒక్కోదానికి 0 నుంచి 4, మొత్తం 40. మా వాడికి 26 వచ్చింది, అంటే తీవ్రమైన స్థాయి. జబ్బు పేరు అబ్సెసివ్ కంపల్సివ్ డిజార్డర్, ఓసీడీ: వద్దన్నా వచ్చే ఆలోచనలు, వాటి భయం తీరడానికి పదేపదే చేసే పనులు. నాకు పేరు కన్నా ఆ 26 ఎక్కువ ధైర్యమిచ్చింది. కొలవగలిగినది తగ్గిందో లేదో కూడా చూడవచ్చు.

చికిత్సలో రెండు దారులున్నాయన్నారు డాక్టరు గారు. ఒకటి కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ, అందులో ముఖ్యంగా భయపడేదానికి ఎదురుగా వెళ్లి, దిద్దే పని చేయకుండా ఉండిపోయే పద్ధతి. రెండోది సెర్ట్రలీన్ మాత్ర, డిప్రెషన్‌కూ వాడే మందు. తీవ్రత చూస్తే రెండూ కలిపి మొదలుపెడదామన్నారు. ఆలోచించుకుని చెబుతామని లేచాం. ఆ రాత్రి నేను పరిశోధన పత్రాలు వెతుకుతూ కూర్చున్నాను.

ఈ జబ్బున్న పిల్లల మీద చేసిన ప్రయోగాల్లో అందరూ ఉదహరించేది 2004లో అమెరికాలో వెలువడినది. 7 నుంచి 17 ఏళ్ల పిల్లలు 112 మందిని నాలుగు గుంపులుగా యాదృచ్ఛికంగా పంచారు, గుంపుకు 28 మంది. 12 వారాల చికిత్స. థెరపీ, సెర్ట్రలీన్ రెండూ అందిన గుంపులో 15 మందికి లక్షణాలు దాదాపు పోయాయి. థెరపీ ఒక్కటే అందినవారిలో 11 మందికి, మాత్ర ఒక్కటే వేసుకున్నవారిలో 6 మందికి, మందు లేని ఉత్తుత్తి మాత్ర (ప్లాసిబో) వేసుకున్నవారిలో ఒక్కరికి అలా జరిగింది. ఆ పత్రం చదువుతుంటే నాకు పరాయి శాస్త్రం చదువుతున్నట్లు అనిపించలేదు. కొత్త వరి రకాన్ని పరీక్షించేటప్పుడు ఏ మడిలో ఏది నాటాలో మేం ఇష్టానుసారం నిర్ణయించం, చీటీలు తీసినట్లు పంచుతాం. సారవంతమైన మూల మనకు నచ్చిన రకానికే పోతే దిగుబడి అబద్ధం చెబుతుంది. ఈ పద్ధతిని 1920లలో రోనాల్డ్ ఫిషర్ తీర్చిదిద్దింది ఇంగ్లండ్‌లోని రోథామ్‌స్టెడ్ పొలాల్లోనే. వైద్యులు ఆ తర్వాత అందుకున్నారు. ఈ మాట డాక్టరు గారితో కాస్త గర్వంగానే అన్నాను.

అయితే ఆ అంకెలను చదవాల్సిన తీరు వేరు. 15కూ 11కూ ఉన్న తేడా, గుంపుకు 28 మందే ఉన్నప్పుడు, కేవలం అదృష్టం వల్ల కూడా రావచ్చు. రెండూ కలిపి ఇవ్వడం థెరపీ కన్నా కచ్చితంగా మెరుగని ఆ ఒక్క లెక్కతో చెప్పలేం. ఇంకో సంగతి నన్ను ఎక్కువసేపు ఆపింది. ఆ ప్రయోగం జరిగిన చోట్లలో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో థెరపీ ఒక్కటే చాలా బాగా పనిచేసింది, డ్యూక్ విశ్వవిద్యాలయంలో అంతగా పనిచేయలేదు. డెల్టాలో విరగపండిన రకం మెట్టకు వెళ్లి చతికిలపడటం మాకు అలవాటైన విషయమే. మాత్ర ఎక్కడైనా అదే మాత్ర. థెరపీ మాత్రం చేసే మనిషిని బట్టి, చోటును బట్టి ఉంటుంది. కాబట్టి మా ఊళ్లో దాన్ని ఎవరు చేస్తారన్నదే అసలు ప్రశ్న అయింది.

దానికన్నా ముందు మాత్ర గురించిన భయం తీరాలి. మా ఆవిడ ఇంటర్నెట్‌లో ‘పిల్లల్లో ఆత్మహత్య ఆలోచనలు’ అన్న హెచ్చరిక చదివి, ఆ మాత్ర ఇంట్లోకి రావడానికి వీల్లేదంది. హెచ్చరిక అబద్ధం కాదు. 2004లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ డిప్రెషన్ మందుల సమాచార పత్రాల్లో నల్ల గీతల చట్రంలో దాన్ని వేయించింది. 24 ప్రయోగాలను కలిపి చూస్తే, మందు వేసుకున్న పిల్లల్లో సుమారు 4 శాతం మందిలో, ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారిలో 2 శాతం మందిలో అలాంటి ఆలోచనలో ప్రవర్తనో కనిపించాయి. ఆ ప్రయోగాల్లో ఆత్మహత్య చేసుకున్న పిల్లలు ఎవరూ లేరు. 2007లో వచ్చిన మరో విశ్లేషణ జబ్బుల వారీగా విడగొట్టి చూసింది. ఓసీడీ ఉన్న పిల్లల్లో ఆరుగురికి మందు ఇస్తే ఒకరికి మందు వల్లనే మేలు జరుగుతుంది, 200 మందికి ఇస్తే ఒకరిలో మందు వల్ల అలాంటి ఆలోచనలు రావచ్చు. నేను ఈ రెండు అంకెలూ కాగితం మీద రాసి వంటింట్లో చూపించాను. మా ఆవిడ చాలాసేపు చూసి, “ఆ 200వ వాడు మన వాడైతే?” అంది. దానికి గణాంక శాస్త్రంలో జవాబు లేదు.

మర్నాడు అదే ప్రశ్న డాక్టరు గారిని అడిగింది. ఆయన నా ప్రింట్లన్నీ ఓపికగా తిరగేసి, “ఇందులో 112 మంది ఉన్నారు. మీ వాడు 113వ వాడు. వాడి సంగతి మనం చూసి తెలుసుకోవాల్సిందే” అన్నారు. చూడటం అంటే ఏమిటో కూడా చెప్పారు: మొదటి వారాల్లో, మోతాదు పెంచిన ప్రతిసారీ కుదురులేనితనం, నిద్ర పట్టకపోవడం, కొత్తగా చిరాకు, చావు మాటలు ఉన్నాయేమో గమనించడం, ఉంటే వెంటనే ఫోను చేయడం, మాత్రలు పెద్దవాళ్ల చేతిలోనే ఉంచుకోవడం, చెప్పకుండా ఒక్కసారిగా మానేయకపోవడం. 25 మిల్లీగ్రాములతో మొదలైంది. కొన్నాళ్లు కడుపులో తిప్పింది, తర్వాత సర్దుకుంది. గుణం కనిపించడానికి రెండు మూడు నెలలు పట్టవచ్చని ముందే చెప్పకపోతే మేం నెల తిరక్కుండానే ఇది పనిచేయడం లేదని తేల్చేసేవాళ్లం.

థెరపీ చేసేవారి కోసం వెతుకులాట అయితే మాత్ర సంగతంత సులువుగా తేలలేదు. ఒక కౌన్సెలర్ దగ్గర గట్టిగా ఊపిరి పీల్చి మంచి ఆలోచనలు చేయమన్నారు. ఇంకోచోట పావుగంటలో ‘భయపడకుండా ఎదుర్కో బాబూ’ అని పంపించేశారు. ఇక్కడ నా ప్రింట్లు నిజంగా పనికొచ్చాయి. 2011లో అదే పరిశోధకుల బృందం మరో ప్రయోగం వెలువరించింది. మందు వేసుకుంటున్నా పూర్తిగా తగ్గని 124 మంది పిల్లల్లో కొందరికి మందుతో పాటు పూర్తి థెరపీ, కొందరికి మందు రాసే డాక్టరే థెరపీ ఎలా చేసుకోవాలో క్లుప్తంగా చెప్పడం, మిగిలినవారికి మందు మాత్రమే. పూర్తి థెరపీ అందినవారిలో 68.6 శాతం మంది మెరుగయ్యారు. క్లుప్త సలహాలు అందినవారిలో 34 శాతం, మందు ఒక్కటే అందినవారిలో 30 శాతం. అంటే క్లుప్త సలహాకూ ఏమీ చెప్పకపోవడానికీ పెద్ద తేడా లేదు. ఆ రోజు నుంచి నేను ఎవరిని కలిసినా మొహమాటం లేకుండా రెండే అడిగాను: రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో క్లినికల్ సైకాలజిస్టుగా నమోదై ఉన్నారా, ఓసీడీ ఉన్న పిల్లలకు ఈ ఎదుర్కొనే పద్ధతి స్వయంగా చేయించారా? దొరికిన మేడమ్ హైదరాబాద్‌లో ఉంటారు. మొదట్లో నేరుగా వెళ్లేవాళ్లం, తర్వాత ఎక్కువ భాగం వీడియోలో సాగింది. మా వాడి పుస్తకాలున్న బల్ల దగ్గరే ఆమె వాడిని చూడగలగడం ఒక విధంగా మేలే అయింది.

మొదట ఆమె వాడితో భయాల నిచ్చెన రాయించారు. ఏది చేస్తే ఎంత భయం, 0 నుంచి 10 దాకా. ఒక పదం కొట్టేసి పక్కన మళ్లీ రాయడం 3. కావాలనే ఒక వత్తు వదిలేసి పేజీ తిప్పడం 5. తప్పున్న హోంవర్కును బడిలో ఇచ్చేయడం 8. పైమెట్టు ఏమిటో వాడు చాలాసేపు చెప్పలేదు. చివరికి తనే రాశాడు: ‘ఈ రోజు అమ్మకు ఏమైనా జరగవచ్చు’ అని కాగితం మీద రాసి, చించకుండా, జేబులో పెట్టుకుని రోజంతా తిరగడం. 10.

పని కింది మెట్టు నుంచి మొదలైంది. తప్పు రాయాలి, దిద్దకూడదు, అడగకూడదు, మనసులో లెక్కబెట్టి సరిచేసుకోకూడదు. భయం ఎంత ఉందో కొద్ది నిమిషాలకొకసారి అంకె చెప్పాలి. మొదటి రోజు ‘విద్యార్థి’లో వత్తు ఎగరగొట్టి, చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు. 7 అన్నాడు. కాసేపటికి 8. నాకైతే లేచి వెళ్లి ఆ వత్తు నేనే పెట్టేద్దామనిపించింది. మేడమ్ మాత్రం నింపాదిగా, “8 ఉన్నా కూర్చోగలుగుతున్నావు కదా, అది రాసుకో” అన్నారు. భయం దానంతట అదే తగ్గుతుందని, తగ్గకపోయినా దానితో కూర్చోవచ్చని వాడి ఒంటికి తెలియాలి, మాటలతో చెబితే తెలియదు. ఈ పద్ధతికి మూలం 1966లో లండన్‌లో విక్టర్ మేయర్ ఇద్దరు రోగులకు చేసిన చికిత్స అని ఆమె ఒకసారి చెప్పారు. అంతకు ముందు డాక్టర్లు కూడా, పాపం బాధపడుతున్నారని, రోగులను దిద్దుకోనిచ్చేవారట.

ఇంట్లో మా వంతు ఇంకా కష్టం. వాడి ప్రశ్నలకు జవాబు చెప్పడం మానాలి. ఓసీడీ ఉన్న పిల్లల ఇళ్లలో చాలావరకు తల్లిదండ్రులు తెలియకుండానే ఆ జబ్బుకు పనిచేసి పెడుతుంటారని, దాన్ని కొలవడానికి విడిగా ఒక స్కేలే ఉందని మేడమ్ చెప్పారు. పిల్లల ఆందోళన జబ్బుల విషయంలో యేల్ విశ్వవిద్యాలయంలో ఎలీ లెబోవిట్జ్ బృందం ఇంకా ముందుకు వెళ్లింది. 2020లో వచ్చిన వారి ప్రయోగంలో, 124 మంది పిల్లల్లో కొందరికి థెరపీ ఇచ్చారు, మిగిలినవారి విషయంలో పిల్లలను అసలు కలవకుండా తల్లిదండ్రులకే శిక్షణ ఇచ్చారు. రెండూ దాదాపు సమానంగా పనిచేశాయి.

మాకు ఇచ్చిన వాక్యం ఇది: “నీకు కష్టంగా ఉందని తెలుసు. ఓర్చుకోగలవనీ తెలుసు. ఆ ప్రశ్నకు మాత్రం జవాబు చెప్పను.” ముందు వాడితో కూర్చుని ఒప్పందం చేసుకున్నాకే మొదలుపెట్టాం. అయినా మొదటి వారం ఇల్లు రణరంగమైంది. కంచం ఎగిరింది. “నీకేమైనా అయినా నేను పట్టించుకోకూడదన్నమాట!” అని వాళ్ల అమ్మ మీద అరిచాడు. తగ్గేముందు ఇలా పెరుగుతుందని ముందే చెప్పారు కాబట్టి నిలబడ్డాం. నిజం చెప్పాలంటే నిలబడింది మా ఆవిడ. నేను ఆ సమయానికి కూరగాయలు తేవడానికి బజారుకు వెళ్లిపోయేవాడిని.

పైమెట్టు దగ్గర మా అమ్మ అడ్డుపడింది. అమ్మకు ఏమైనా జరగవచ్చని పిల్లవాడి చేత రాయించడమా! “పైన తథాస్తు దేవతలుంటారు, అశుభం పలకకూడదు” అని కాగితం లాక్కుంది. ఆమె మాటను కొట్టిపారేసే ధైర్యం నాకు లేదు, ఎందుకంటే లోపల నాకూ గుబులుగానే ఉంది. మేడమ్ ఆ వారం వాడితో కాకుండా మా అమ్మతో మాట్లాడారు. వాదించలేదు. ఆ ఆలోచన వాడికి రోజుకు ఎన్నిసార్లు వస్తోందో చెప్పి, కాగితం మీద లేకపోయినా అది మనసులో ఎప్పుడూ ఉంటోందన్నారు. మా అమ్మ కాసేపు ఆలోచించి, “అన్నిసార్లు మనసులో అనుకుంటేనే తథాస్తు అనని దేవతలు, మందు కోసమని రాసినదానికి అంటారా” అని కాగితం తిరిగి ఇచ్చేసింది. నా ప్రింట్లలో దేనికీ అంత బలం లేదు. ఆ కాగితం వాడి జేబులో రోజూ ఉండి ఉండి, ఒకరోజు ఉతుకుల్లో నానిపోయింది. కొత్తది రాసుకోవడం వాడికి గుర్తు రాలేదు.

బడి సంగతి క్లుప్తంగా చెబుతాను. డాక్టరు గారి ఉత్తరం తీసుకుని వెళితే ఒక టీచరు, “చక్కగా రాయడం కూడా జబ్బేనా?” అని నవ్వారు. తెలుగు మాస్టారు మాత్రం అర్థం చేసుకున్నారు. కొట్టివేతలున్న పేజీకి కూడా టిక్కు పెట్టి, దస్తూరిని ప్రస్తావించకుండా ఇచ్చేసేవారు. అది మాకు చాలు.

మధ్యలో ఒక ప్రభుత్వ బోధనాసుపత్రి నుంచి వచ్చిన పరిశోధక విద్యార్థిని, కౌమార వయసు పిల్లల ఓసీడీ మీద తన అధ్యయనంలో చేరతారా అని అడిగింది. కొన్ని ప్రశ్నావళులు నింపడం, రెండుసార్లు మాట్లాడటం, అంతే. మన దేశంలో వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాల ప్రకారం పిల్లల విషయంలో తల్లిదండ్రుల సంతకం ఒక్కటే చాలదు. 7 దాటిన పిల్లలను నోటిమాటగా, 12 దాటినవారిని రాతపూర్వకంగా వాళ్ల సమ్మతి కూడా అడగాలి. వాడి కోసం విడిగా, సులభమైన తెలుగులో ఒక పత్రం ఉంది. వాడు దాన్ని నాకన్నా శ్రద్ధగా చదివి, “మధ్యలో మానేస్తే నా చికిత్స ఆగిపోతుందా?” అని అడిగాడు. ఆగదు. “నా మాటలు రికార్డు చేయవద్దంటే?” చేయం. అప్పుడు సంతకం పెట్టాడు, పెట్టగానే మొహం మాడింది. సంతకం చివర గీత వంకరపోయింది, ఇంకో పత్రం కావాలన్నాడు. ఆ అమ్మాయికి విషయం అర్థమై, “నాదీ వంకరే చూడు” అని తన సంతకం చూపించి కాగితం ఫైలులో పెట్టేసింది. ఆ సాయంత్రమంతా వాడు 6 మీద ఉన్నాడు.

మేం చేరడానికి నాకు ఒక కారణం ఉంది. నేను ముఖ్యంగా ఆధారపడిన ప్రయోగాలు అమెరికావి, వాటిలో ఎక్కువమంది తెల్లజాతి పిల్లలే. మన దగ్గర బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్‌హాన్స్ 2015–16లో చేసిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే 13–17 ఏళ్ల పిల్లల్లో 7.3 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉందని తేల్చింది. కానీ ఆ సర్వే జరిగిన 12 రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ లేదు, తెలంగాణ కూడా లేదు. మన హాస్టళ్లు, మన ర్యాంకుల పట్టికలు, మన తథాస్తు దేవతలు ఆ లెక్కలోకి రాలేదు. వేరే నేలలో తీసిన దిగుబడిని మన మడికి అంటగట్టే పని నేను ఉద్యోగంలో ఎప్పుడూ చేయను, కొడుకు విషయంలో తప్పక చేయాల్సి వచ్చింది.

ఎక్కడ మొదలుపెట్టాలో తెలియని వాళ్లకు ఒక మాట: ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి-మానస్ నంబరు 14416, 2022 అక్టోబరు నుంచి పనిచేస్తోంది, తెలుగులోనే మాట్లాడతారు. ముఖ్యంగా పిల్లలు చావు గురించి మాట్లాడితే, అది ఓసీడీ ఆలోచనో మరొకటో మనమే తేల్చుకుంటూ కూర్చోకుండా అడగడం మంచిది. ఆ తేడా కనిపెట్టడం డాక్టరుకే సమయం పట్టే పని.

ఇప్పుడు మా వాడు పదో తరగతి. యేల్-బ్రౌన్ స్కేలు మీద ఈ మధ్య 9 వచ్చింది. పరీక్షల ఒత్తిడి పెరిగితే పాత ప్రశ్న మళ్లీ తలెత్తుతుంది, అప్పుడు మేడమ్‌తో ఒకటి రెండుసార్లు మాట్లాడతాడు. దస్తూరి మునుపటంత బాగా లేదు, నాకైతే కొంచెం వెలితిగానే ఉంది. సెర్ట్రలీన్ ఇంకా వేసుకుంటున్నాడు. బాగైన తర్వాత కూడా కొన్ని నెలలు కొనసాగించి, మెల్లగా తగ్గించాలన్నారు. పరీక్షలయ్యాక వేసవి సెలవుల్లో తగ్గించడం మొదలుపెడదామని డాక్టరు గారు అంటే, మా వాడు సంక్రాంతికే మొదలుపెట్టాలని పట్టుబడుతున్నాడు. ఆ బేరం ఇంకా తేలలేదు.